భవనాశిని నీడలో, ఎర్రోడి వెంట

అహోబిలం కొండల్లో కుక్కల ముచ్చట ఇవాళ్టిది కాదు. సుమారు పన్నెండు వందల ఏళ్ల కిందట ఈ చోటిని పాడిన తిరుమంగై ఆళ్వార్ తన పాశురాల్లో వాటినీ వదిలిపెట్టలేదు. ఆయన చూపించిన ఈ కొండ మీద విల్లు పట్టిన వేటగాళ్ల కేకలున్నాయి. మిట్టమధ్యాహ్నం సుడి తిరిగే గాలి ఉంది. నెత్తిన గద్దలున్నాయి, నేల మీద కరిచే కుక్కలున్నాయి. వెదుళ్లు ఒరుసుకుని పుట్టిన మంటకు ఆకాశం ఎర్రబడుతుంది, ఎండిన దిరిసెన కాయలు గలగలమంటాయి. దేవతలకు తప్ప మరొకరికి అడుగు సాగని చోటని ఆళ్వార్ తేల్చేశాడు. ఏప్రిల్, మే నెలల్లో ఎగువ అహోబిలంలో ఒక పూట గడిపినవాళ్లకు ఇందులో ఒక్క మాట కూడా ఎక్కువ అనిపించదు. రాతి వేడి చెప్పుల్లోంచి అరికాలికి తగులుతుంది. ఆకు రాల్చిన టేకు కింద నీడ అనేదే ఉండదు.

అదే కొండకు ఇంకో ముఖం ఉంది. వానలు వెనకబట్టాక, ఆశ్వయుజం చివరి నుంచి పుష్యం దాకా, భవనాశిని వాగు వెంబడి జ్వాలా నరసింహుడి దాకా పోయే కాలిబాట మీద పచ్చటి కప్పు పడి ఉంటుంది. వాగు చప్పుడు చెవినుంచి పోదు. కుక్కలు ఇప్పుడూ ఉన్నాయి. ఆళ్వార్ కాలంలో కరిచేవేమో గాని, ఇప్పుడున్నవి యాత్రికుల వెంట నడుస్తాయి. పిలవకుండానే వస్తాయి, పొమ్మన్నా పోవు. ఈ దారిని ఒంటరిగా ఎక్కాననుకునేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తే నాలుగడుగుల దూరంలో ఒకటి నిలబడి ఉంటుంది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా దారి అంతా నల్లరేగడి మైదానం. కుందూ నీళ్లు, కేసీ కాలువ నీళ్లు తాగే వరి మళ్లు. తూర్పున మాత్రం నల్లమల నీలంగా, ఎడతెగకుండా మనతో పాటే వస్తుంది. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పుల పందిళ్లు, ఉలి చప్పుడు, సగం కన్ను తెరిచిన విగ్రహాలు. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు పోతే దిగువ అహోబిలం. ఇంకో ఎనిమిది కిలోమీటర్లు లోపలికి వెళితే ఎగువ అహోబిలం. అక్కడితో బండ్ల దారి అయిపోతుంది. ఉగ్ర నరసింహుడు వెలసిన గుహాలయం దాటాక మిగిలింది కాళ్లకూ కర్రకూ వదిలేసిన దారి.

ఊతకర్రలు అమ్మేచోటే ఎర్రోడు మాకు తోడయ్యాడు. ఎర్రటి ఒళ్లు, తోక కొసన ఇంత తెలుపు, కుడి చెవి మీద మానిన పాత గాటు. మా వెంట దారి చూపడానికి వచ్చిన పెద్దాయన దాన్ని పేరు పెట్టి పలకరించాడు. మీ కుక్కేనా అని అడిగితే నవ్వాడు.

“మాదీ కాదు సామీ, ఎవురిదీ కాదు. పిలిస్తే రాదు. దానికి మనసైతే వస్తాది. జ్వాలా కాడ కూచోని మళ్లా మనతోనే దిగుతాది.”

ఆలయం వెనక మెట్లు దాటిన కాసేపటికే వాగు ఒడ్డుకు చేరుతాం. మొదటి కిలోమీటరు, అంటే వరాహ నరసింహుడి గుడి దాకా, దారి పెద్ద కష్టపెట్టదు. రెండు వైపులా కొండ గోడలు దగ్గరికి జరిగి ఉంటాయి. పొద్దు బాగా పైకెక్కితే గాని ఈ సందులోకి ఎండ దిగదు, మధ్యాహ్నం తిరిగేసరికి వెళ్లిపోతుంది. ఆ కొద్ది వేళ కూడా ఎండ నేల దాకా రాకుండా చెట్లు ఆపేస్తాయి. గట్టు మీద టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి. వాటికి నీటి కరువు తెలుసు, అందుకే ఎండలు ముదరకముందే ఆకు దులిపేస్తాయి. వాగు అంచున నిలబడ్డవి వేరే జాతి. తెల్లటి బెరడు పొరలు పొరలుగా ఊడే ఏరుమద్ది, నేరేడు, కానుగ. వీటి వేళ్లు నీటిలోనే ఉంటాయి కాబట్టి ఆకు విషయంలో అంత పిసినారితనం అవసరం లేదు. మార్చిలో పై నుంచి చూస్తే కొండంతా గోధుమ రంగులో ఉన్నా వాగు పోయే దారి మాత్రం ముదురు పచ్చగా తెలిసిపోతుంది. నవ నరసింహుల్లో ఒకరు కానుగ చెట్టు కిందనే వెలసి కారంజ నరసింహుడు అనిపించుకున్నారు. ఈ కొండల్లో నీడ ఎంత విలువైనదో తెలిసినవాళ్లే ఆ చెట్టును దేవుడి నెత్తిన గొడుగుగా చూడగలరు.

ఈ చెట్ల కింద చల్లదనం నీడ వల్ల వచ్చింది మాత్రమే కాదు. ఒక్కో ఆకూ వేరు నుంచి తోడిన నీటిని ఆవిరిగా వదులుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. వాగు కూడా అదే పని చేస్తుంది. ఇరుకు లోయలో ఆ చల్లటి గాలి బరువుగా అడుగున నిలిచిపోతుంది. మనిషి ముఖం కన్నా మోకాలి దగ్గర ఈ చల్లదనం ఎక్కువ. ఎర్రోడు నడిచే ఎత్తు సరిగ్గా అదే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల్లో కాస్త తప్ప చెమట లేదు, నాలుక చాచి రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. అందుకే అది మెట్ల దారిని నమ్ముకోదు. మేం సిమెంటు మెట్ల మీద ఎక్కుతుంటే అది పక్కన తడి మట్టిలోంచి, రాళ్ల సందుల్లోంచి వచ్చి ముందు నిలబడేది. నీరు దాటే ప్రతి చోటా పొట్ట ఆనించి తడి ఇసుకలో బోర్లా పడుకునేది. వెంట్రుక పలచగా ఉండే పొట్ట మీదుగా వేడి తొందరగా దిగిపోతుంది. రెండు నిమిషాలు పడుకుని లేచి, ఒళ్లు దులిపి, మళ్లీ ముందుకు. మేం అలసిపోయి కూలబడిన చోట్లకూ అది ఆగిన చోట్లకూ పోలిక లేదు. చల్లటి రాయి ఎక్కడుందో దానికి ముందే తెలుసు. వరాహ గుడి దాటాక మేమూ అది ఆగిన చోటే ఆగడం మొదలుపెట్టాం. నడక ఎంతో తేలికైంది.

అది నీళ్లు తాగుతుంటే ఒకసారి దగ్గరగా కూర్చుని చూశాను. ఏ కుక్క తాగినా ఇంతే, కాని కదలని మడుగు మీద అయితే ప్రతిదీ కనిపిస్తుంది. కుక్క నాలుకను గరిటెగా ముందుకు ముంచి తోడుకుంటుందని చాలామంది అనుకుంటారు. నాలుక నిజానికి వెనక్కి, గడ్డం వైపు వంగుతుంది. వంగిన కొస నీటిని గట్టిగా చరిచి, ఒక్క క్షణంలో వెనక్కి ఎగుస్తుంది. నాలుకకు అంటుకున్న నీరు దాని వెంటే సన్నటి స్తంభంలా పైకి లేస్తుంది. ఆ స్తంభం తెగి కింద పడకముందే దవడ మూసుకుంటుంది. అంటే కుక్క నీటిని కొరుకుతుంది. 2015లో అమెరికాలో పరిశోధకులు వేగంగా తీసిన చిత్రాలతో ఈ కొలతలన్నీ తేల్చారు. పిల్లి కూడా ఇదే సూత్రం మీద తాగుతుంది. కాకపోతే అది నీటి మీద నాలుకను సుతారంగా ఆనిస్తుంది, కుక్క బలంగా ముంచుతుంది. అందుకే పిల్లి తాగిన చోట చుక్క పడదు, ఎర్రోడి చుట్టూ రాయంతా తడిసింది. తాగడం అయ్యాక కూడా మడుగు మీద అలలు కాసేపు ఆగలేదు. నీటి పైపొర మీద కాళ్లు చాపి నిలబడే పురుగులు ఆ అలల మీద ఊగి, మళ్లీ తమ తమ చోట్లకు జరిగాయి.

చల్లటి తడి గాలికి ఇంకో గుణం ఉంది. వాసనను చాలాసేపు నిలుపుకుంటుంది. ఎండ తగిలిన రాతి మీద వాసనలు తొందరగా ఎగిరిపోతాయి, వాగు నీడలో రాత్రి పోయిన జంతువు జాడ పొద్దున దాకా నేలను పట్టుకుని ఉంటుంది. మన ముక్కులో వాసన పట్టే కణాలు అరవై లక్షల దాకా ఉంటే కుక్కకు ఇరవై, ముప్పై కోట్లు ఉంటాయని లెక్క. ముక్కు రంధ్రాల పక్కన చిన్న చీలికలుంటాయి. వదిలే ఊపిరి అటు పక్కకు పోయి, నేల మీది వాసనను కదిపి లేపుతుంది. తీసుకునే ఊపిరి ఎదురుగా వస్తుంది. ఇంకా వింత, దాని చల్లటి తడి ముక్కు కాస్త దూరంలో ఉన్న వేడి వస్తువును కూడా పసిగట్టగలదని 2020లో స్వీడన్, హంగరీ శాస్త్రవేత్తలు చూపించారు. మేం వాగును చూస్తూ నడిచాం. ఎర్రోడు నిన్న రాత్రి వాగు దగ్గర ఏం జరిగిందో చదువుకుంటూ నడిచింది.

ఒకచోట వెదురు పొదల వాలు కింద ఆగిపోయింది. తోక దిగలేదు, లేవలేదు. మెడ నుంచి నడుము దాకా వెంట్రుకలు నిక్కాయి. పైన ఎక్కడో కొండముచ్చు ఒక్కసారి దగ్గినట్టు అరిచింది. పెద్దాయన చేయెత్తి మమ్మల్ని ఆపి, కర్రతో రాతిని నాలుగు సార్లు కొట్టాడు.

“అది నిలబడితే మనం గూడా నిలబడాల. దానికి తెల్సినంత మనకి తెల్దు.”

కొద్దిసేపటికి ఎర్రోడి వీపు సర్దుకుంది. అది కదిలాకే మేం కదిలాం.

ఈ తడి ఇసుక మీద ఇంకో గుంపు కూడా కూడుతుంది. పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు రెక్కలు మూసి, వరసగా, అన్నీ ఒకే వైపు తిరిగి ఇసుకకు మూతి ఆనిస్తాయి. నీటి కోసం కాదు, ఉప్పు కోసం. వాటి ఆహారమైన పూల తేనెలో సోడియం ఉండదనే చెప్పాలి. ఇసుకలో ఇంకిన నీటిలో కాస్త దొరుకుతుంది. ఈ గుంపుల్లో దాదాపు అన్నీ మగవే. కూడబెట్టిన ఉప్పును జతకట్టినప్పుడు ఆడదానికి అందిస్తాయి, అది గుడ్లలోకి చేరుతుంది. ఎర్రోడు ఆ గుంపు మధ్యలోంచి నడిచి పోయింది. పసుపు రేకులు మోకాళ్ల ఎత్తున లేచి, అది దాటగానే అదే చోట దిగాయి.

నల్లమల అసలు వింత మాత్రం కంటికి అంత తేలిగ్గా చిక్కదు. అహోబిలానికి ఉత్తరాన, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారిలోని అడవిలో నీలి సాలీడు ఒకటి ఉంది. కాళ్లు చాపితే అరచేయంత. ఒళ్లంతా లోహపు మెరుపున్న నీలం, కాళ్ల కీళ్ల దగ్గర పసుపు మచ్చలు. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త దీన్ని లోకానికి పరిచయం చేసినప్పుడు ఆయనకు అందిన ఒకే ఒక్క నమూనా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. అందుకే దానికి గుత్తి సాలీడు అనే పేరు పడింది. తర్వాత నూరేళ్లు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికేసరికి విషయం అర్థమైంది. గుత్తికి అది రైల్లో, కలప దుంగల్లో దాక్కుని ప్రయాణం చేసి ఉండాలి. పెద్ద చెట్ల తొర్రల్లో పగలంతా దాక్కుని రాత్రి వేటాడుతుంది. ఆ నీలం ఏ రంగుద్రవ్యం వల్లా వచ్చింది కాదు. రోమాల లోపలి అతి సూక్ష్మమైన పొరల అమరిక వెలుగులోని నీలాన్ని మాత్రమే వెనక్కి తిప్పికొడుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీన్ని అంతరించే ప్రమాదం అతి ఎక్కువగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. వంటచెరకు కోసం ముసలి చెట్లు నరికితే దాని ఇల్లు పోతుంది. రంగును చూసి మోజుపడి పెంచుకోవాలనుకునేవాళ్ల వల్ల అదే పోతుంది. నంద్యాల పేరు సాలీళ్ల శాస్త్రం చదివేవాళ్లలో కొందరికైనా తెలుసు. నంద్యాలలో దాని పేరు ఎంతమందికి తెలుసునని తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. మన బడి గోడల మీద నెమలి, పులి బొమ్మల పక్కన ఆ నీలానికి చోటుండాలి.

వరాహ గుడి దాటాక దారి వాగులోకే దిగుతుంది. అక్కడక్కడా కాలి వంతెనలు, మిగతాదంతా గుండ్రటి రాళ్ల మీద నడక. వంగి చూస్తే కొన్ని పలకల మీద సమానమైన దూరంలో వంపు గీతలు కనిపిస్తాయి, చాప మీద పడుకుని లేచినవాళ్ల వీపు మీది అచ్చుల్లా. ఈ కొండల రాయి ఒకప్పుడు సముద్రపు ఇసుక. తీరం దగ్గర లోతు లేని నీటిలో అలలు ముందుకూ వెనక్కూ ఊగి ఇసుకను ఇలా మడతలు పెట్టాయి. దాని మీద ఇంకో పొర, ఆ పైన ఇంకోటి పేరుకుని, భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. ఇదంతా నూరు కోట్ల ఏళ్లకు చాలా ముందు, నేల మీద గడ్డిపోచ కూడా లేని కాలంలో జరిగింది. తర్వాత ఆ పొరలు మడతపడి నల్లమలగా లేచాయి. ఆ అలల జాడ మీదనే ఎర్రోడు తడి పాదాల అచ్చులు వేసుకుంటూ పోయింది. ఎండ తగిలిన చోట అవి మేం చేరేలోపే ఆరిపోయాయి.

జ్వాలా నరసింహుడి గుడి కొండ చరియ కింద ఉంటుంది. మంచి వానలు పడిన ఏడాది, చరియ అంచు నుంచి భవనాశిని గుడి ముందే జారి పడుతుంటుంది. తడవకుండా లోపలికి పోలేం. హిరణ్యకశిపుణ్ణి చీల్చింది ఇక్కడేనని, ఆ చేతులు కడుక్కున్నది పక్కనున్న రక్తకుండంలోనని చెబుతారు. ఆ నీటికి ఎర్రటి ఛాయ ఉంటుంది. యాత్రికులు దోసిట్లోకి తీసుకుంటే తెల్లగానే కనిపించడం చూసి ఆశ్చర్యపోతారు. కుక్క కంటికి నీలం, పసుపు తెలుస్తాయి గాని ఎరుపు ఎరుపుగా తెలియదు. ఎర్రోడికి ఆ కుండం మిగతా మడుగుల్లో ఒకటి. దానికి తన ఒంటి రంగు కూడా తెలియదు. గిద్దలూరు అడవిలో ఆ నీలి సాలీడు ఎదురైతే మాత్రం ఆ నీలం దానికీ తెలుస్తుంది. గుడి మెట్ల దగ్గర, జల్లు పడని చోట, ముందు కాళ్ల మీద తల పెట్టుకుని పడుకుంది. లోపలికి రాలేదు. అక్కడి నుంచి పైన ఉగ్రస్తంభమనే రాతి శిఖరం వైపు ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. అది ఒకరి వెంట కూడా పోలేదు.

ఈ అడవిలో మనిషి వెంట కుక్క నడవడం చెంచుల నాటి సంగతి. తేనె, దుంపలు, వేట మీద బతికిన చెంచులకు మేకలూ గొడ్లూ రాకముందు నుంచీ ఉన్న తోడు కుక్కే. కృష్ణకు అవతల అమ్రాబాద్ గుట్టల్లో వాళ్ల మధ్య ఉండి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. తెలుగు నేల మీద అడవి మనుషుల బతుకును అంత ఓపిగ్గా చూసినవాళ్లు తక్కువ. అహోబిలంలో అయితే నరసింహుడే చెంచులకు అల్లుడు. ఉగ్రరూపం చల్లారక అడవిలో తిరుగుతున్న స్వామి చెంచులక్ష్మిని చూసి మనసిచ్చాడు. ఆలయ స్తంభాల మీద ఆ ప్రణయం చెక్కి ఉంది. ఏటా కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకిలో సుమారు నలభై రోజులు ఊరూరా తిరిగి తన పెళ్లికి రమ్మని పిలుస్తాడు. చెంచులు పల్లకి వైపు బాణాలు వేసి సాగనంపుతారు. దేవుడే వేటకు బయల్దేరే చోట కుక్కకు పని లేకుండా ఎలా ఉంటుంది?

ఇంత ఇష్టంగా రాస్తున్నా, ఈ తోడు అడవికి ఎంత భారమో చెప్పకపోతే అన్యాయమవుతుంది. నల్లమల దేశంలోనే విస్తీర్ణంలో అతి పెద్ద పులుల అభయారణ్యం ఉన్న అడవి. అక్కడి నుంచి దక్షిణాన శేషాచలం వైపు పులులు నడిచే దారి ఈ కొండల మీదుగానే పోతుంది. చిరుతలు, ఎలుగుబంట్లు సరేసరి. చిరుతకు కుక్క తేలికైన తిండి. మహారాష్ట్రలోని అకోలేలో చిరుతల పెంటను పరీక్షించి 2014లో అచ్చువేసిన అధ్యయనంలో, వాటి ఆహారంలో బరువు లెక్కన 39 శాతం కుక్కలేనని తేలింది. కుక్క కోసం ఊరి అంచుకు అలవాటు పడిన చిరుత మనుషులకు ఎదురవుతుంది. ఆ తర్వాత జరిగేది ఇద్దరికీ మంచిది కాదు.

దానికన్నా పెద్ద భయం కంటికి కనబడనిది. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సింహాలకు పాకింది, అక్కడి సింహాల్లో మూడో వంతు చనిపోయాయి. 2018లో మన గిర్‌లోనూ అదే వైరస్ సోకి సింహాలు వరసగా పడిపోయాయి. పులికీ ఆ జబ్బు వస్తుంది. ఎర్రోడు ఒక రాతి మీద వదిలిన తుంపరను మర్నాడు ఇంకో జంతువు వాసన చూస్తుంది. వాగు నీడలో వాసన చాలాసేపు నిలుస్తుంది. వైరస్ ఒంటి బయట అంతసేపు నిలవదు, కాని దగ్గరగా వచ్చిన జంతువుకు సోకడానికి కొద్దిసేపు చాలు.

నంద్యాల జిల్లాలోనే 2023 మార్చిలో జరిగింది ఇంకా మరవలేదు. ఆత్మకూరు వైపు పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు, నాలుగూ ఆడవే, తల్లి లేకుండా ఊరి అంచున కనబడ్డాయి. కుక్కలు పీకేస్తాయని జంకి ఊరివాళ్లు వాటిని ఎత్తుకొచ్చి గదిలో పెట్టి తలుపేశారు. పులిని కుక్క బారి నుంచి కాపాడిన ఊరు! తల్లిని వెతకడానికి అటవీ సిబ్బంది రాత్రింబగళ్లు తిరిగారు, కెమెరాలు పెట్టారు. తల్లితో కలపడం కుదరక చివరికి కూనల్ని తిరుపతి జంతుశాలకు తరలించారు. ఆ ఊరివాళ్ల మీద నాకు ఎంతో గౌరవం. నాలుగు కూనల్ని చూసి వాళ్లకు పారిపోవాలనిపించలేదు, కాపాడాలనిపించింది.

అందుకే ఇంట్లో పెంచుకునే కుక్కను కారెక్కించుకుని ఈ కొండలకు తీసుకురావద్దని గట్టిగా చెబుతాను. అభయారణ్యాల్లోకి పెంపుడు కుక్కల్ని రానివ్వరు, అది మంచి కట్టడి. పట్నంలో పెరిగిన కుక్కకు ఇక్కడి రాయీ, ఎండా, కోతుల గుంపూ, చిరుత వాసనా ఏవీ అలవాటు లేదు. పచ్చటి నీడలో వాగు పక్కన దాన్ని నడిపించాలని ఉంటే ఊరి చెరువు గట్టుందిగా, కుందూ ఒడ్డుంది. గొలుసు చేతిలో పట్టుకుని పొద్దున్నే ఒక గంట నడవండి.

ఎర్రోడి లాంటివాటి సంగతి వేరు. అవి గుడి దగ్గరే పుట్టాయి, గుడి దగ్గరే బతుకుతాయి, మనం పొమ్మంటే పోయేవి కావు. వాటిని కాలిబాట మీదనే ఉంచడం మాత్రం మన చేతిలో ఉంది. దిగేటప్పుడు మా గుంపులో ఒకరు జ్వాలా దగ్గరే బిస్కెట్ పొట్లం విప్పబోతే పెద్దాయన వారించాడు.

“ఈడ పెట్టొద్దు సామీ. పైన తినబెడితే పైనే ఉంటాది. రాత్రికి చిరుతకు దొరుకుతాది. కిందికి పోయినాక పెట్టండి.”

ఆయన సంచిలో సగం జొన్నరొట్టె దాని కోసమే ఉంది. ఎగువ అహోబిలం మెట్లు దిగి, ఊతకర్రలు అమ్మేచోటికి వచ్చేదాకా దాన్ని బయటికి తీయలేదు. ఎర్రోడికి ఆ లెక్క తెలుసు. దారి పొడవునా ఆ సంచి వాసన చూస్తూనే నడిచింది, ఒక్కసారి కూడా దాని మీదికి ఎగబడలేదు.

సెరెంగెటిలో సింహాలు పోయాక ఆ అడవి చుట్టూ ఉన్న ఊళ్లలో కుక్కలకు టీకాలు వేయడం మొదలుపెట్టారు. రేబిస్‌కూ, డిస్టెంపర్‌కూ కూడా. అహోబిలం, రుద్రవరం, ఆత్మకూరు, మహానంది, అడవి అంచున ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏటా అలాంటి శిబిరం జరగాలని, పారువేట తిరిగే ఊళ్లలో ఆ నలభై రోజుల్లోనే అది పెట్టుకుంటే ఎంతో బాగుంటుందని నాకు అనిపిస్తుంది. అప్పుడు కుక్కలున్న ప్రతి గడపా తెలిసిన మనుషులు పల్లకి వెంటే ఉంటారు.

వెళ్లాలనుకునేవాళ్లకు కార్తీకం, మార్గశిరం మంచి కాలం. పొద్దున్నే బయల్దేరితే జ్వాలా, మాలోల నరసింహుల గుళ్లు చూసుకుని చీకటి పడకముందే దిగిపోవచ్చు. పట్టున్న చెప్పులు, ఒక కర్ర, తాగడానికి నీళ్లు. బిస్కెట్లు కొనుక్కోదలిస్తే తిరిగి వచ్చాక, కింది అంగట్లో.